సర్వర్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టేవారికి: ఏ ఆబ్జెక్ట్ ఎంతసేపు బతుకుతుంది?

పైథానో జావానో వచ్చు. క్లాస్, ఆబ్జెక్ట్, ఇన్‌హెరిటెన్స్ అన్నీ చదివారు. అయినా పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ (వెబ్‌సైట్ కట్టడానికి ముందే సిద్ధంగా ఉండే కోడ్) అయిన జాంగోలోనో, జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లోనో మొదటి ప్రాజెక్ట్ మొదలుపెట్టగానే చాలామందికి తల తిరుగుతుంది. నా ఉద్దేశంలో దీనికి కారణం ఒకటే. మామూలు ప్రోగ్రామ్‌లో ఆబ్జెక్టులను మనమే పుట్టిస్తాం, ప్రోగ్రామ్ మూసేదాకా అవి మన చేతిలోనే ఉంటాయి. వెబ్ సర్వర్‌లో అలా కాదు. చాలా ఆబ్జెక్టులను ఫ్రేమ్‌వర్కే పుట్టిస్తుంది, మన కోడ్‌ను అదే పిలుస్తుంది, జవాబు వెళ్లిపోగానే వాటిలో చాలావరకు పోతాయి. కొన్ని మాత్రం పోవు. అసలు చిక్కులన్నీ ఆ పోనివాటితోనే.

అందుకని ఒక చిన్న అప్లికేషన్ కడుతూ నేర్చుకుందాం. లైబ్రరీలో పుస్తకాలు అరువిచ్చే అప్లికేషన్ అనుకోండి. కోడ్ చదవడం తేలిక కాబట్టి జాంగో తీసుకుంటున్నాను. స్ప్రింగ్, రైల్స్ (రూబీ), లారావెల్ (పీహెచ్‌పీ) ఎక్కడ వేరుగా నడుస్తాయో అక్కడ చెబుతాను. ప్రతి అడుగులో మూడు ప్రశ్నలు వేసుకోండి: ఈ ఆబ్జెక్ట్‌ను ఎవరు పుట్టించారు? ఎప్పుడు పోతుంది? అదే సమయంలో ఇంకెవరైనా దీన్ని వాడుతున్నారా?

1. ముందు బ్రౌజర్‌లో చూడండి

ఏదైనా వెబ్‌సైట్ తెరిచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లోకి వెళ్లి పేజీని రీలోడ్ చేయండి. మొదటి వరుసను క్లిక్ చేస్తే వెళ్లిన రిక్వెస్ట్, వచ్చిన రెస్పాన్స్ రెండూ కనిపిస్తాయి. రిక్వెస్ట్‌లో గెట్, పోస్ట్ లాంటి ఒక మెథడ్, ఒక పాత్, కొన్ని హెడర్లు, ఒక్కోసారి బాడీ ఉంటాయి. రెస్పాన్స్‌లో స్టేటస్ కోడ్, హెడర్లు, బాడీ. మీరు రాయబోయే సర్వర్ ప్రోగ్రామ్ పని మొదటిది తీసుకుని రెండోది ఇవ్వడమే. మిగతాదంతా ఆ మధ్యలో జరిగే ఏర్పాటు.

1991 నాటి తొలి హెచ్‌టీటీపీలో గెట్ ఒక్కటే ఉండేది. హెడర్లు, స్టేటస్ కోడ్‌లు తర్వాత వచ్చాయి. అప్పటినుంచి ఇప్పటిదాకా మారని సంగతి ఒకటుంది. ప్రోటోకాల్ దృష్టిలో ప్రతి రిక్వెస్ట్ కొత్తదే. క్షణం క్రితం వచ్చింది ఎవరో దానికి గుర్తుండదు.

స్టేటస్ కోడ్‌లన్నీ బట్టీ పట్టక్కర్లేదు. 200 అంటే సరే, 302 అంటే ఇంకో చోటికి వెళ్లు, 403 అంటే నీకు అనుమతి లేదు, 404 అంటే అలాంటిది లేదు, 500 అంటే సర్వర్ కోడ్ తప్పింది. 4తో మొదలైతే అడిగిన తీరులో లోపం, 5తో మొదలైతే మన వైపు లోపం. డీబగ్గింగ్‌లో సగం టెన్షన్ ఈ ఒక్క తేడా తెలిస్తే పోతుంది.

2. ప్రాజెక్ట్ సిద్ధం చేయండి

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని, పిప్‌తో జాంగో ఇన్‌స్టాల్ చేసి, స్టార్ట్‌ప్రాజెక్ట్, స్టార్ట్‌యాప్, రన్‌సర్వర్ కమాండ్లు వరసగా ఇవ్వండి. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8000 పోర్ట్‌కి వెళితే స్వాగతం పేజీ రావాలి. కొత్త యాప్ పేరును సెటింగ్స్‌లోని ఇన్‌స్టాల్డ్ యాప్స్ లిస్టులో చేర్చడం మరిచిపోకండి. అది చేర్చకపోతే మీ టేబుళ్లు తయారుకావు, ఎందుకు కాలేదో వెతుక్కుంటూ కూర్చోవాలి.

3. అడ్రస్‌ను క్లాస్‌కు కలపండి

యూఆర్‌ఎల్స్ ఫైల్‌లో ఒక పాత్‌కు ఎదురుగా ఒక వ్యూ, అంటే రిక్వెస్ట్‌కు జవాబిచ్చే కోడ్, రాస్తారు. జాంగోలో వ్యూను ఫంక్షన్‌గానూ రాయొచ్చు, క్లాస్‌గానూ రాయొచ్చు. మనం క్లాస్‌గా రాద్దాం. ఫ్రేమ్‌వర్క్ ఇచ్చిన వ్యూ అనే బేస్ క్లాస్ నుంచి మీ క్లాస్‌ను తీసుకుని, అందులో గెట్ అనే మెథడ్ రాయండి. అది రిక్వెస్ట్ ఆబ్జెక్ట్ తీసుకుని రెస్పాన్స్ ఆబ్జెక్ట్ తిరిగి ఇవ్వాలి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గెట్ మెథడ్‌ను మీరెక్కడా పిలవలేదు. బేస్ క్లాస్‌లోని డిస్పాచ్ అనే మెథడ్ వచ్చిన రిక్వెస్ట్ ఏ రకమో చూసి, ఆ పేరున్న మెథడ్ మీ క్లాస్‌లో ఉంటే పిలుస్తుంది, లేకపోతే 405 పంపుతుంది. ఇన్‌హెరిటెన్స్ ఇక్కడ కోడ్ తగ్గించుకునే చిట్కా మాత్రమే కాదు, ఫ్రేమ్‌వర్క్‌కూ మీకూ మధ్య ఒప్పందం. ఖాళీ ఎక్కడుందో అది చెబుతుంది, మీరు ఆ ఖాళీ నింపుతారు. రైల్స్‌లో కంట్రోలర్ క్లాస్‌లోని ఒక్కో మెథడ్ ఒక్కో యాక్షన్ అవుతుంది. స్ప్రింగ్‌లో మెథడ్ పైన యానొటేషన్ పెడతారు. పద్ధతి వేరైనా పిలిచేది మీరు కాదన్న సంగతి మారదు.

యూఆర్‌ఎల్స్ ఫైల్‌లో క్లాస్ పేరు పక్కన యాజ్‌వ్యూ అని రాస్తాం కదా, దాన్ని చాలామంది మంత్రంలా కాపీ చేస్తారు. అది ఒక ఫంక్షన్‌ను తయారుచేసి ఇస్తుంది. రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ ఆ ఫంక్షన్ మీ క్లాస్‌కు కొత్త ఆబ్జెక్ట్ పుట్టిస్తుంది. తర్వాతి అడుగంతా దీని మీదే.

4. ఒక లెక్కింపు ప్రయోగం చేయండి

ఇది చదివి వదిలేయకండి, కూర్చుని చేయండి. మీ వ్యూ క్లాస్‌లో కౌంట్ అనే యాట్రిబ్యూట్‌ను సున్నాగా పెట్టండి. గెట్ మెథడ్‌లో సెల్ఫ్ మీది కౌంట్‌కు 1 కలిపి, ఆ సంఖ్యను జవాబుగా పంపండి. పేజీని ఎన్నిసార్లు రీలోడ్ చేసినా 1 మాత్రమే వస్తుంది. ప్రతి రిక్వెస్ట్‌కూ కొత్త ఆబ్జెక్ట్ పుట్టి, క్లాస్‌లోని సున్నా చదివి, తనకు 1 రాసుకుని పోతోంది.

ఇప్పుడు సెల్ఫ్ తీసేసి, క్లాస్ పేరు మీదనే కౌంట్ పెంచండి. రీలోడ్ చేస్తే 1, 2, 3 అని పెరుగుతుంది. బాగుందనిపిస్తుంది. ఫైల్‌లో ఏదైనా మార్చి సేవ్ చేయండి. సర్వర్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అంటే క్లాస్ ఆ ప్రాసెస్ ఉన్నంతసేపే ఉంటుంది. పైగా రేపు అసలు సర్వర్ మీద గన్నికార్న్ లాంటి సర్వర్ ప్రోగ్రామ్ మీ అప్లికేషన్‌ను నాలుగు వర్కర్ ప్రాసెస్‌లుగా నడిపితే నాలుగింటికీ నాలుగు వేర్వేరు లెక్కలు ఉంటాయి. రీలోడ్ చేసినప్పుడల్లా 7, 3, 8, 4 అంటూ సంఖ్య ఎగిరి దూకుతుంది.

మూడో ప్రయోగం ఇంకా ప్రమాదకరం. కౌంట్ బదులు క్లాస్‌లో ఒక ఖాళీ లిస్ట్ పెట్టండి. గెట్‌లో సెల్ఫ్ మీది ఆ లిస్ట్‌కు యూజర్ పేరు అపెండ్ చేయండి. సెల్ఫ్ అని రాశాం కదా, ఆ ఆబ్జెక్ట్‌కే పరిమితమవుతుందనుకుంటారు. కాదు. సంఖ్యకు 1 కలిపి రాసినప్పుడు ఆబ్జెక్ట్ మీద కొత్త యాట్రిబ్యూట్ పుట్టింది. అపెండ్‌లో కొత్తదేదీ పుట్టదు, క్లాస్ దగ్గరున్న ఆ ఒక్క లిస్టే పెరుగుతుంది. ఒకరి పేరు ఇంకొకరి పేజీలో కనిపిస్తుంది.

స్ప్రింగ్ వాడేవారు ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. స్ప్రింగ్‌లో కంట్రోలర్ మామూలుగా సింగిల్టన్, అంటే అప్లికేషన్ మొత్తానికి ఒక్క ఆబ్జెక్టే. చాలా థ్రెడ్లు, అంటే ఒక్కో రిక్వెస్ట్ పని చూసే కోడ్ ప్రవాహాలు, ఒకేసారి దానిలోకి వస్తాయి. ప్రస్తుత యూజర్‌ను ఫీల్డ్‌లో దాచుకుంటే ఒకరి వివరాలు మరొకరికి వెళ్లిపోతాయి. డెవలపర్ తన మెషిన్ మీద ఒక్కడే టెస్ట్ చేసినన్ని రోజులూ ఇది బయటపడదు. రైల్స్‌లో ప్రతి రిక్వెస్ట్‌కూ కొత్త కంట్రోలర్ ఆబ్జెక్ట్ వస్తుంది. పీహెచ్‌పీ మామూలు పద్ధతిలో నడిస్తే రిక్వెస్ట్ అయిపోగానే ప్రోగ్రామ్ పెట్టుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, అందుకే లారావెల్‌లో మొదలుపెట్టినవారికి ఈ బాధ ఆలస్యంగా ఎదురవుతుంది.

నియమం పెట్టుకోవాలంటే ఇలా పెట్టుకోండి: యూజర్‌కు సంబంధించినది మెథడ్ లోపలి వేరియబుల్‌లోనో, సెషన్‌లోనో (ఒక్కో యూజర్ కోసం సర్వర్ విడిగా దాచే సమాచారం), డేటాబేస్‌లోనో ఉండాలి. క్లాస్‌లో మారనివి మాత్రమే ఉండాలి.

5. మోడల్ రాయండి

పుస్తకం అనే మోడల్ క్లాస్ రాయండి. పేరు, రచయిత, మిగిలిన ప్రతుల సంఖ్య చాలు. అరువు అనే ఇంకో మోడల్‌లో పుస్తకానికీ యూజర్‌కూ ఫారిన్ కీలు (వేరే టేబుల్‌లోని వరుసను చూపే ఫీల్డులు), తీసుకున్న సమయం పెట్టండి. మేక్‌మైగ్రేషన్స్, మైగ్రేట్ కమాండ్లు ఇస్తే క్లాస్‌కు తగ్గ టేబుల్ తయారవుతుంది. టేబుల్‌లో ఒక్కో వరుసకు ఒక్కో ఆబ్జెక్ట్. మైగ్రేషన్ ఫైళ్లను కూడా కోడ్‌తో పాటు గిట్‌లో పెట్టండి.

తీసుకున్న సమయానికి డిఫాల్ట్ విలువగా జాంగో టైమ్‌జోన్ మాడ్యూల్‌లోని నౌ ఫంక్షన్ ఇస్తారు. దాని పక్కన బ్రాకెట్లు పెట్టకూడదు. పెడితే ఆ ఫంక్షన్ క్లాస్ లోడ్ అయిన క్షణంలోనే ఒకసారి నడిచి, సర్వర్ మొదలైన సమయమే అన్ని అరువులకూ పడుతుంది. బ్రాకెట్లు లేకుండా ఫంక్షన్‌నే ఇస్తే కొత్త వరుస పుట్టినప్పుడల్లా జాంగో దాన్ని పిలుస్తుంది. మళ్లీ అదే ప్రశ్న: ఈ విలువ ఎప్పుడు పుట్టింది?

ఇప్పుడు అసలైన చిక్కు. డేటాబేస్‌లోంచి తెచ్చిన ఆబ్జెక్ట్ ఆ వరుసకు ఒక నకలు మాత్రమే. ఒక పుస్తకానికి ఒకటే ప్రతి మిగిలిందనుకోండి. ఇద్దరు ఒకే క్షణంలో అరువు బటన్ నొక్కారు. రెండు రిక్వెస్టులూ ఆ వరుసను చదివాయి, రెండింటి నకళ్లలోనూ 1 ఉంది, రెండూ ఒకటి తగ్గించి 0 అని సేవ్ చేశాయి. ఎర్రర్ ఏమీ రాలేదు. ఒక ప్రతి ఇద్దరికి వెళ్లింది. ప్రతులు మిగిలాయా అని చూసే మీ ఇఫ్ కండిషన్ తప్పేమీ కాదు, అది చూసింది పాత నకలును.

దీనికి మందు, తగ్గించే పనిని డేటాబేస్‌కే అప్పగించడం. ఈ ఐడీ ఉండి, ప్రతులు సున్నా కన్నా ఎక్కువున్న వరుసను ఫిల్టర్ చేసి, ఎఫ్ ఎక్స్‌ప్రెషన్‌తో (లెక్కను డేటాబేస్‌లోనే చేయమని చెప్పే జాంగో పద్ధతి) ప్రతులలో 1 తగ్గించమని అప్‌డేట్ పిలవండి. ఎన్ని వరుసలు మారాయో అది తిరిగి చెబుతుంది. 1 వస్తే అరువు రాయండి, 0 వస్తే ప్రతులు అయిపోయాయని చెప్పండి. ఈ రెండు పనులనూ అటామిక్ బ్లాక్‌లో (జరిగితే రెండూ, లేకపోతే ఏదీ జరగదు) పెట్టండి, లేదంటే మధ్యలో ఏదైనా విరిగితే ప్రతి తగ్గిపోయి అరువు మాత్రం రాయకుండా మిగిలిపోతుంది. జాంగో మామూలుగా ఒక్కో క్వెరీని అప్పటికప్పుడే కమిట్ చేస్తుంది, రిక్వెస్ట్ మొత్తాన్ని ఒక ట్రాన్సాక్షన్‌గా చూడదు.

మోడల్ గురించి ఇంకొక్కటి. అరువుల జాబితా పేజీలో 50 అరువులు చూపిస్తూ, లూప్‌లో ఒక్కోదాని పుస్తకం పేరు అడిగితే 51 క్వెరీలు నడుస్తాయి. చుక్క పెట్టి యాట్రిబ్యూట్ చదివినట్టే ఉంటుంది, కానీ దాని వెనక డేటాబేస్ ప్రయాణం ఉంది. సెలెక్ట్‌రిలేటెడ్ వాడితే ఒక్క జాయిన్‌తో ఒకే క్వెరీ అవుతుంది. జాంగో డీబగ్ టూల్‌బార్ పెట్టుకుంటే ఈ సంఖ్య కళ్ల ముందే కనిపిస్తుంది.

6. యూజర్‌ను గుర్తుపెట్టుకోండి

రిక్వెస్ట్‌కు గతం తెలియదన్నాం కదా. ఆ లోటు తీర్చడానికే 1994లో నెట్‌స్కేప్‌లో లూ మోంటుల్లీ కుకీలను తెచ్చారు. సర్వర్ ఒక చిన్న చీటీ ఇస్తుంది, బ్రౌజర్ ప్రతిసారీ దాన్ని తిరిగి తెస్తుంది. జాంగోలో ఆ కుకీలో ఉండేది సెషన్ ఐడీ మాత్రమే. అసలు సమాచారం మామూలుగా డేటాబేస్ టేబుల్‌లో ఉంటుంది, గడువు రెండు వారాలు.

సెషన్‌లో మోడల్ ఆబ్జెక్ట్ మొత్తం పెట్టకండి, ఐడీ పెట్టండి. జాంగో సెషన్‌ను జేసన్‌గా దాస్తుంది కాబట్టి ఆబ్జెక్ట్ పెడితే ఎలాగూ ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ రాని ఫ్రేమ్‌వర్కుల్లోనూ అది మంచిది కాదు. రెండు రోజుల కిందటి నకలు సెషన్‌లో పడి ఉంటే, ఈలోపు డేటాబేస్‌లో మారినది మీకు తెలియదు.

లాగిన్‌ను సొంతంగా రాయాలన్న సరదా అందరికీ ఉంటుంది. వద్దు. పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేయడం (తిరిగి చదవలేని రూపంలోకి మార్చడం), లాగిన్ అవగానే సెషన్ కీ మార్చడం లాంటివి ఫ్రేమ్‌వర్క్‌లోనే ఉన్నాయి.

7. ఫారమ్ తీసుకోండి, నమ్మకండి

బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌తో ఎంత చెక్ చేసినా సర్వర్‌లో మళ్లీ చెక్ చేయాల్సిందే. రిక్వెస్ట్‌ను బ్రౌజర్ లేకుండా ఎవరైనా పంపొచ్చు. ఫారమ్ క్లాస్ రాసి, పోస్ట్ మెథడ్‌లో అది చెల్లుతుందో లేదో అడిగి, శుభ్రం చేసిన డేటానే వాడండి. పని అయ్యాక పేజీని నేరుగా చూపకుండా రీడైరెక్ట్ చేయండి. లేదంటే యూజర్ రీఫ్రెష్ నొక్కినప్పుడు అదే అరువు రెండోసారి పడుతుంది.

మోడల్ నుంచి ఫారమ్ తయారుచేసేటప్పుడు అన్ని ఫీల్డులూ ఇవ్వమని రాయడం సోమరితనం, అది ఖరీదైనది కూడా. మీరు స్క్రీన్ మీద చూపాలనుకోని ఫీల్డును కూడా బయటివారు రిక్వెస్ట్‌లో పంపి మార్చేయగలరు. 2012 మార్చిలో గిట్‌హబ్‌లో సరిగ్గా ఇలాంటి లోపంతోనే ఒక యూజర్ తన కీని రైల్స్ ప్రాజెక్ట్‌కు చేర్చుకోగలిగాడు. ఏ ఫీల్డులు కావాలో పేరుపేరునా రాయండి.

టెంప్లేట్‌లోని ఫారమ్‌లో సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ ట్యాగ్ పెట్టకపోతే 403 వస్తుంది. చాలామంది విసుగొచ్చి ఆ రక్షణనే ఆపేస్తారు. ఆపకండి. మీ యూజర్ లాగిన్ అయి ఉండగా వేరే సైట్ అతని పేరుతో ఫారమ్ పంపకుండా అడ్డుకునేది అదే. గెట్‌తో ఏదీ మార్చకండి, తొలగించకండి. డిలీట్ లింక్‌ను మామూలు లింక్‌గా పెడితే, లింకులన్నీ తిరిగే సెర్చ్ ఇంజిన్ రోబో కూడా దాన్ని నొక్కుతుంది.

టెంప్లేట్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వ్యూ ఇచ్చిన విలువలను హెచ్‌టీఎమ్‌ఎల్‌లో నింపుతాయి, యూజర్ రాసినదాంట్లో స్క్రిప్ట్ ట్యాగులు ఉంటే వాటిని పని చేయకుండా చేస్తాయి. ఆ ఆటోఎస్కేప్‌ను సేఫ్ అనే ఫిల్టర్‌తో తీసేసే ముందు రెండుసార్లు ఆలోచించండి.

8. మిడిల్‌వేర్, మిక్సిన్: వరస చూసుకోండి

రిక్వెస్ట్ నేరుగా మీ వ్యూకి రాదు. ఉల్లిపొరల్లాగా మిడిల్‌వేర్ ఒక్కొక్కటీ దాటి లోపలికి వస్తుంది, రెస్పాన్స్ అవే పొరలు తిరుగువరసలో దాటి బయటికి పోతుంది. సెటింగ్స్‌లో సెషన్ మిడిల్‌వేర్ ముందు, ఆథెంటికేషన్ మిడిల్‌వేర్ తర్వాత ఉండాలి. సెషన్ లేకుండా యూజర్ ఎవరో తేలదు. మిడిల్‌వేర్ ఆబ్జెక్ట్ మాత్రం ప్రాసెస్ మొదలైనప్పుడు ఒకసారే పుడుతుంది. నాలుగో అడుగులో చెప్పిన ప్రమాదం జాంగోలోనూ ఇక్కడ ఉంది. యూజర్ వివరాన్ని ఏదైనా దాచాలంటే సెల్ఫ్ మీద కాదు, రిక్వెస్ట్ ఆబ్జెక్ట్ మీద పెట్టండి.

మిక్సిన్ అంటే మీ క్లాస్‌కు అదనపు పని కలిపే చిన్న క్లాస్. లాగిన్ అయినవారికే పేజీ చూపించాలంటే లాగిన్‌రిక్వైర్డ్‌మిక్సిన్ ఉంది. దాన్ని బేస్ క్లాసుల్లో అన్నిటికన్నా ఎడమన రాయాలి. పైథాన్ మెథడ్‌ను ఎడమ నుంచి వెతుకుతుంది. వ్యూ ముందుంటే దాని డిస్పాచ్ నడిచిపోతుంది, మిక్సిన్‌లోని డిస్పాచ్ దాకా వెళ్లనే వెళ్లదు. ఎర్రర్ రాదు, లాగిన్ చెక్ జరగదు, పేజీ అందరికీ తెరుచుకుంటుంది. కోడ్ చూసినవారికి మిక్సిన్ కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి అంతా సరిగా ఉందనుకుంటారు.

మిక్సిన్లు మూడు నాలుగు దాటాయంటే నాకు అనుమానం మొదలవుతుంది. అరువిచ్చే నియమాలను వ్యూలోనూ మిక్సిన్‌లోనూ కుక్కకుండా మామూలు ఫంక్షన్‌గానో, రిక్వెస్ట్ ఊసు తెలియని విడి క్లాస్‌గానో రాయండి. అప్పుడు వాటిని బ్రౌజర్, సెషన్ ఏవీ లేకుండా నేరుగా టెస్ట్ చేయొచ్చు. వ్యూ పని అడిగింది విని, ఆ క్లాస్‌కు చెప్పి, వచ్చింది చూపడం వరకే.

9. టెస్ట్ రాసి, బయటికి పంపండి

జాంగో టెస్ట్ క్లయింట్‌తో కనీసం మూడు టెస్టులు రాయండి: లాగిన్ లేకుండా అరువు అడిగితే 302 వచ్చి లాగిన్ పేజీకి వెళ్లాలి, ప్రతులు సున్నా ఉంటే అరువు పుట్టకూడదు, లాగిన్ అయి గెట్‌తో అరువు అడిగితే 405 రావాలి. మిక్సిన్ వరస తప్పిందో లేదో మొదటి టెస్టే పట్టేస్తుంది.

సర్వర్ మీద పెట్టేముందు డీబగ్‌ను ఫాల్స్ చేయండి. అది ట్రూగా ఉంటే ఎర్రర్ వచ్చినప్పుడు మీ కోడ్ ముక్కలు, వేరియబుళ్ల విలువలు బయటివారికి కనిపిస్తాయి. సీక్రెట్ కీని కోడ్‌లోంచి తీసి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టండి. అలౌడ్ హోస్ట్స్‌లో మీ డొమైన్ రాయండి. రన్‌సర్వర్ డెవలప్‌మెంట్ కోసమే, బయట గన్నికార్న్, దాని ముందు రిక్వెస్టులను మొదట అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి వెబ్ సర్వర్ పెడతారు. స్టాటిక్ ఫైళ్లకు విడిగా ఏర్పాటు చేయాలి, లేకపోతే పేజీ సీఎస్‌ఎస్ లేకుండా బోసిగా వస్తుంది. చెక్ కమాండ్‌కు డిప్లాయ్ ఆప్షన్ జోడించి నడిపితే భద్రత సెటింగుల్లో ఏం వదిలేశారో చాలావరకు జాబితా ఇస్తుంది.

ఆ తర్వాత వర్కర్లను రెండుకు పెంచి, రెండు వేర్వేరు బ్రౌజర్లలో ఇద్దరు యూజర్లుగా లాగిన్ అయి, ఒకే ప్రతి మిగిలిన పుస్తకాన్ని రెండింటిలోనూ తెరిచి, వెంటవెంటనే అరువు బటన్ నొక్కి చూడండి. ఒకరికి పుస్తకం దక్కాలి, రెండోవారికి ప్రతులు అయిపోయాయన్న మాట కనిపించాలి. ఇద్దరికీ దక్కితే అయిదో అడుగులోని అప్‌డేట్ దగ్గరికి వెళ్లండి.